స్వచ్ఛంద క్లేశం, సమ్మతి, సహయానం: శీతకాలపు అతిదీర్ఘ పరుగుపై నైతిక పరిశీలన

ఇంగ్లండులోని ఈడేల్ గ్రామం దగ్గర మొదలై, పెన్నైన్ కొండల వెన్ను మీదుగా ఉత్తరానికి సాగి, స్కాట్లండు సరిహద్దు దాటగానే ఉన్న కిర్క్ యెథమ్ దగ్గర ముగిసే కాలిబాట పేరు పెన్నైన్ వే. పొడవు 268 మైళ్ళు, అంటే దాదాపు 431 కిలోమీటర్లు. 1965లో ప్రారంభమైన ఈ బాట వేసవిలో నడిచేవారికి రెండు మూడు వారాల ప్రయాణం. 2012 నుంచి ఇదే బాట మీద జనవరి నెలలో స్పైన్ రేస్ అనే పరుగు పోటీ నిర్వహిస్తున్నారు. గడువు 168 గంటలు. గడియారం ఆగదు, నిద్ర, భోజనం, తడిసిన బట్టలు మార్చుకోవడం అన్నీ ఆ గడువులోనివే. ఆ అక్షాంశంలో జనవరి పగలు దాదాపు 8 గంటలే కనుక పోటీలో అధికభాగం చీకటిలో, తలకు కట్టుకున్న దీపం వెలుగులో గడుస్తుంది. కింద ఊబినేల, పైన వాన లేదా మంచు, ఎప్పుడూ గాలి.

ఇటువంటి పరుగును నీతిశాస్త్ర దృష్టితో చూసేవారికి మొదట తట్టేది "ఎందుకు?" అన్న ప్రశ్న. అది అంత ఫలవంతమైన ప్రశ్న కాదు. పర్వతారోహకుణ్ణి, చదరంగం ఆడేవాణ్ణి, వందమంది పృచ్ఛకుల ముందు కూర్చున్న శతావధానిని కూడా అలాగే అడగవచ్చు. అంతకంటె కఠినమైనవి వేరే ఉన్నాయి. కోరి తెచ్చుకున్న కష్టానికి, కోరి తెచ్చుకున్నదన్న కారణం చేతనే విలువ వస్తుందా? వెచ్చని గదిలో కూర్చుని ఇచ్చిన సమ్మతి, చలికి మనసు మొద్దుబారిన మనిషిని ఎంతవరకు బంధిస్తుంది? పక్కన పరుగెత్తేవాడు కూలిపోతే పోటీలో ఉన్నవాడి ధర్మమేమిటి? ఈ వ్యాసం ప్రధానంగా రెండో ప్రశ్న దగ్గర నిలుస్తుంది. తక్కిన రెండూ దానికి దారితీసేవీ, దాని నుంచి పుట్టేవీ.

తపస్సుతో పోలిక

దీర్ఘ పరుగుల గురించి తెలుగులో రాసేవారు దాన్ని తపస్సుతో పోల్చడం పరిపాటి. ఆ మాట వాడడానికి ముందు కొంత తటపటాయింపు అవసరం. పోలిక పూర్తిగా నిరాధారమేమీ కాదు. కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో పార్వతి వేసవిలో అగ్నుల నడుమ, చలికాలపు రాత్రులలో నీటి నడుమ నిలిచి తపస్సు చేస్తుంది. తెలుగులో నన్నెచోడుడు కూడా ఆ తపోఘట్టాన్ని విస్తరించి వర్ణించాడు. శీతం, నిద్రలేమి, ఏకాంతం, నియమపాలన అనే లక్షణాలు అక్కడా ఇక్కడా సమానమే. అయితే అదే సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు వేసే కుశలప్రశ్నలలో ఒకటి ఈ చర్చకు ముఖ్యం. శక్తికి తగినంతే తపస్సు చేస్తున్నావా అని అతడు అడుగుతాడు. ధర్మాచరణకు ఉన్న సాధనాలలో శరీరమే మొదటిదని గుర్తుచేస్తాడు. అడిగినవాడు మారువేషంలో ఉన్నాడు గాని, ప్రశ్నలో కపటం లేదు.

భగవద్గీత పదిహేడో అధ్యాయం ఈ విషయంలో మరింత నిర్మొహమాటంగా ఉంది. శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో దేహాన్ని కృశింపజేసేవారిని అది ఆసుర నిశ్చయం గలవారంటుంది. గౌరవం కోసం, ప్రదర్శన కోసం చేసేదాన్ని రాజసమనీ, మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకుంటూ చేసేదాన్ని తామసమనీ వేరుచేస్తుంది. అంటే బాధ ఎంత పెద్దదన్నది అక్కడ కొలమానం కాదు. బాధను పెంచితే పుణ్యం పెరుగుతుందన్న లెక్కను మన సంప్రదాయంలోని ప్రధాన గ్రంథాలే ఒప్పుకోలేదు. తపస్సు అన్న మాటను పరుగుకు ఊరికే అంటగట్టేవారు ఈ సంగతి మరచిపోతారు.

పరుగును పరుగుగా అర్థం చేసుకోవడానికి బెర్నార్డ్ సూట్స్ 1978లో ప్రచురించిన ది గ్రాస్‌హాపర్ అనే గ్రంథం ఎక్కువ ఉపకరిస్తుంది. ఆట అంటే అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా అధిగమించే ప్రయత్నమని ఆయన నిర్వచనసారం. కిర్క్ యెథమ్ చేరడమే కావలసిందైతే మోటారు వాహనం ఉంది. ఆ సులభమార్గాన్ని వద్దనుకోవడం వల్లనే ఆ పని ఆట అవుతోంది. తపస్సుకు వరమో, చిత్తశుద్ధియో, మోక్షమో ఫలంగా ఉంటుంది. ఆటకు ఫలం ఆటలోనే ఉంది. ఈ భేదం చిన్నది కాదు. ఫలం ఆటలోనే ఉన్నప్పుడు, ఆ ఆట కోసం ప్రాణాన్నో కాలివేళ్ళనో ఇవ్వడాన్ని సమర్థించేందుకు ఆట వెలుపల నుంచి ఏ కారణమూ అరువు తెచ్చుకోవడానికి వీలుండదు.

కోరుకున్న చలికీ కోరుకోని చలికీ ఉన్న దూరాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. పెన్నైన్ బాటలో అన్నిటికంటె ఎత్తైన శిఖరం క్రాస్ ఫెల్, 893 మీటర్లు. దాని ఉత్తరపు వాలులో గ్రెగ్స్ హట్ అనే రాతి గుడిసె ఉంది. జనవరి రాత్రి అక్కడికి చేరిన పరుగరికి అది ప్రాణం లేచివచ్చే చోటు. ఒకప్పుడు సీసపు గనుల కార్మికులు వారమంతా ఆ గుడిసెలోనే ఉండి పనిచేసేవారు. గోడలు అవే, గాలీ అదే. వారికి ఆ చలి కూలిలో భాగం. వీరికి ప్రవేశ రుసుము చెల్లించి కొనుక్కున్న అనుభవం. చింతపల్లి ప్రాంతపు లంబసింగికి డిసెంబరు తెల్లవారుజామున మంచు చూడడానికి వెళ్ళేవారికీ, అదే వేళకు పొలానికి నడిచే అక్కడి రైతుకూ మధ్య ఉన్నది ఇటువంటి దూరమే. ఇది పరుగెత్తేవారిని నిందించడానికి చెప్పే మాట కాదు. ఎంచుకునే స్వేచ్ఛ ఉండడం ఒక భాగ్యమనీ, ఆ భాగ్యం కష్టాన్ని దానికదే ఉదాత్తం చేయదనీ చెప్పడం మాత్రమే.

చలిలో సమ్మతి

స్వచ్ఛంద సాహసాలను సమర్థించేవారి ప్రధాన వాదం సరళమైనది. వయోజనుడు, ప్రమాదం తెలిసినవాడు, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకున్నాడు. ఇక ఇతరులకు అభ్యంతరమేమిటి? ఎండలో జరిగే అనేక సాహసాల విషయంలో ఈ వాదం చాలావరకు నిలుస్తుంది. చలి దగ్గర అది చిక్కులో పడుతుంది. కారణం చలి స్వభావంలో ఉంది.

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. అందువల్ల వేగంగా కదులుతున్నంతసేపు పలుచని బట్టలతో కూడా మనిషి చలిని తట్టుకోగలడు. ప్రమాదం అలసటతో మొదలవుతుంది. వేగం తగ్గుతుంది, పుట్టే వేడి తగ్గుతుంది, చెమటకో వానకో తడిసిన బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది, గాలి ఆ పనిని త్వరితం చేస్తుంది. శరీరాంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తరువాత మాట తడబాటు, చేతులు స్వాధీనం తప్పడం, అడుగు తొట్రుపడడం. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. ఉదాసీనత, అయోమయం ఆవరిస్తాయి. తుదిదశలో కొందరు వేడిగా ఉందన్న భ్రమతో ఒంటి మీది బట్టలు తీసివేస్తారు. జిప్పు లాగడం, సంచి విప్పడం, కోటు తొడగడం వంటి ప్రాణరక్షక పనులన్నీ వేళ్ళతో చేయవలసినవే. ఆ వేళ్ళే ముందుగా మొద్దుబారతాయి. వాటితోపాటు, ఇప్పుడు కోటు తొడగాలన్న నిర్ణయం చేయవలసిన బుద్ధి కూడా మొద్దుబారుతుంది.

అంటే చలి మనిషి దేహానికే గాక అతని సమ్మతికి ఆధారమైన వివేకానికి కూడా హాని చేస్తుంది. ఒప్పందం మీద సంతకం చేసినవాడొకడు, కొండ మీద ఇంకా ముందుకే వెళతానని పట్టుబట్టేవాడొకడు. వారిద్దరూ ఒకే మనిషా? న్యాయశాస్త్రం ఒకే మనిషి అంటుంది. నీతిశాస్త్రం అంత తేలికగా అనలేదు.

జాన్ స్టూవర్ట్ మిల్ 1859 నాటి ఆన్ లిబర్టీలో ఈ చిక్కును వంతెన ఉదాహరణతో చర్చించాడు. కూలడానికి సిద్ధంగా ఉన్న వంతెన మీదికి తెలియక అడుగుపెట్టబోయేవాణ్ణి, హెచ్చరించే వ్యవధి లేనప్పుడు, పట్టి వెనక్కి లాగవచ్చు. నదిలో పడడం అతడు కోరుకున్నది కాదు గనుక అది స్వేచ్ఛాభంగం కాదు. ప్రమాదం నిశ్చితం కాక సంభావ్యం మాత్రమే అయినప్పుడు హెచ్చరించి వదలాలి, నిర్ణయం అతనిదే. ఇక్కడ మిల్ ఒక మినహాయింపు చేర్చాడు: పసివాడు, మతి చలించినవాడు, ఆలోచనాశక్తి పూర్తిగా వినియోగించలేని స్థితిలో ఉన్నవాడు ఆ నిర్ణయానికి అర్హులు కారు. స్వేచ్ఛావాదపు మూలగ్రంథాలలో ఒకటైన ఆ పుస్తకంలోని ఈ మినహాయింపే శీతకాలపు పరుగుకు అసలు సూత్రమవుతోంది.

అయితే ఆ మినహాయింపును ఎంత దూరం లాగవచ్చు? 2019లో జాస్మిన్ పారిస్ స్పైన్ రేస్‌ను 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, స్త్రీపురుషులందరిలో మొదటి స్థానం పొందింది. ఆ పోటీలో ఒక మహిళ అందరికంటె ముందు రావడం అదే మొదటిసారి. అంతకుముందున్న రికార్డు కంటె అది 12 గంటలు తక్కువ. ఆ మూడున్నర రోజుల్లో ఆమె నిద్ర కొద్ది గంటలే. చివరి దశలో రాళ్ళలో జంతువులు కనిపించాయనీ, తానేం చేస్తున్నదీ మధ్యమధ్య మరచిపోయాననీ ఆమె తరువాత చెప్పింది. మిల్ మాటను అక్షరాలా పాటిస్తే ఆమెను ఆపవలసి ఉండేదా?

ఇక్కడ ఒక భేదం చేయవచ్చు. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి. పాములా కనిపిస్తున్నది తాడేనని తెలిసి కూడా కంటికి పాము తోచడం వేరు. నిద్రలేమి వల్ల కలిగే దృశ్యభ్రమలలో చాలాసార్లు ఈ రెండో స్థితి మిగిలి ఉంటుంది: కనిపిస్తున్నది నిజం కాదన్న ఎరుక ఆరిపోదు, దారి పోల్చుకునే శక్తి పోదు. శీతల మౌఢ్యంలో పోయేది ఆ ఎరుకే. తాను బాగున్నానని రోగి నమ్ముతాడు. ఆ నమ్మకమే రోగలక్షణం. కనుక సమ్మతి చెల్లుబాటు అవుతున్నదా లేదా అన్నది కష్టం తీవ్రతను బట్టి గాని, దృష్టిలో కలిగిన తేడాను బట్టి గాని తేలదు. తన శక్తి తగ్గిందన్న సంగతి తనకు తెలిసే శక్తి మిగిలి ఉందా అన్నదే పరీక్ష. ఆ పరీక్ష ఎవరికి వారు చేసుకోలేరన్నదే దీనిలోని విషాదం.

అందువల్ల స్పైన్ రేస్ వంటి పోటీల నియమావళిని వేరే దృష్టితో చదవాలి. పరుగరులు నిద్రసంచి, పొయ్యి, వాననిరోధక దుస్తులు, పటం, దిక్సూచి, దీపాలు, నిర్ణీత పరిమాణంలో ఆహారం వెంట మోయాలి. తనిఖీలో లోపం కనిపిస్తే శిక్ష ఉంటుంది. వైద్యులకూ నిర్వాహకులకూ పోటీదారును ఆపే అధికారం ఉంటుంది. ఇవన్నీ స్వేచ్ఛకు సంకెళ్ళని విసుక్కునేవారున్నారు. జాన్ ఎల్‌స్టర్ 1979 నాటి యులిసిస్ అండ్ ది సైరెన్స్ గ్రంథంలో చర్చించిన ఆత్మబంధన భావం దీనికి తగిన సమాధానం. మోహగానం వినబోయే ఒడిస్సియస్ తనను తెరచాప స్తంభానికి కట్టమనీ, తరువాత విప్పమని వేడుకున్నా విప్పవద్దనీ ముందే చెబుతాడు. వివేకం ఉన్నప్పటి తాను, వివేకం ఉండని రేపటి తనకు కాపలా పెట్టుకోవడమది. సంచిలోని బరువైన కోటు అటువంటి తాడే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక శంక రావడం సహజం. పట్టిన పట్టు విడవడం కంటె చావు మేలన్న భావం వేమన పద్యం ద్వారా మన నిత్యవ్యవహారంలో నీతిగా స్థిరపడిపోయింది. భీష్ముని ప్రతిజ్ఞ కూడా ఆత్మబంధనమే కదా? కావచ్చు గాని దాని నడక వేరు. భీష్ముడు తండ్రి వివాహం కోసం చేసిన ప్రతిజ్ఞను, ఆ ప్రయోజనం తీరిపోయి, సింహాసనానికి వారసులు లేక సత్యవతే స్వయంగా విడిచిపెట్టమన్నప్పుడు కూడా విడవలేదు. ఒడిస్సియస్ బంధనం వివేకాన్ని కాపాడడానికి, అదీ ఆ గానం వినిపించినంతసేపే. భీష్మునిది వివేకం మరోదారి చూపినా కదలనీయనిది. 'ఏమైనా సరే ముగిస్తాను' అని శపథం చేసి బయలుదేరే పరుగరి భీష్ముణ్ణి అనుకరిస్తున్నాడు. 'వారు ఆపితే ఆగుతాను' అని ముందే ఒప్పుకుని బయలుదేరేవాడు ఒడిస్సియస్‌ను. పట్టుదలను పొగిడే మన నీతిపద్యాల సంప్రదాయం ఈ రెండో రకం పట్టుదలను అంతగా పట్టించుకోలేదు.

నియమం లేకపోతే ఏమవుతుందో 2021 మే 22న తెలిసింది. చైనాలోని గాన్సు రాష్ట్రంలో, బైయిన్ నగర పరిధిలోని పసుపునది శిలావనం దగ్గర జరిగిన 100 కిలోమీటర్ల పరుగులో 172 మంది పాల్గొన్నారు. కొండ ఎక్కుతుండగా వడగళ్ళు, చల్లని వాన, పెనుగాలి కమ్ముకున్నాయి. 21 మంది మరణించారు. దేశంలో పేరెన్నికగన్న పరుగరి లియాంగ్ జింగ్ వారిలో ఒకరు. అది శీతకాలం కూడా కాదు. గాలిని ఆపే కోటును నిర్వాహకులు తప్పనిసరి వస్తువుల జాబితాలో కాక సూచించిన వస్తువుల జాబితాలో చేర్చారు. 'తెచ్చుకుంటే మంచిది' అన్నదానికీ 'తెచ్చుకోక తప్పదు' అన్నదానికీ మధ్య ఉన్న తేడా, పోటీదారుల స్వేచ్ఛను గౌరవించినట్టు పైకి కనిపిస్తుంది. పోటీలో ఉన్నవాడు బరువు తగ్గించుకోవాలని చూస్తాడన్నది అందరికీ తెలిసిందే. అది తెలిసి కూడా నిర్ణయాన్ని అతనికే వదలడం గౌరవమా, బాధ్యతను దించుకోవడమా అన్నది ఆలోచించదగినది.

వెనుదిరిగి చూడని ప్రయాణం

చలికొండల్లో సాగే సామూహిక ప్రయాణానికి మన సాహిత్యంలో మూలచిత్రం మహాప్రస్థానిక పర్వం. తెలుగులో దాన్ని తిక్కన రచించాడు. హిమవంతం దాటి నడుస్తుండగా ద్రౌపది కూలుతుంది. తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరకు భీముడు. ప్రతి పతనానికీ భీముడు కారణం అడుగుతాడు, ధర్మరాజు ఒక్కొక్కరి దోషం చెబుతాడు, వెనుదిరిగి చూడకుండా ముందుకు సాగుతాడు. ఆధునిక పాఠకుణ్ణి ఇంతగా కలవరపెట్టే ఘట్టాలు భారతంలో తక్కువ. పడినవారికి కారణం చెప్పడమే చాలునా, చేయి అందించనక్కరలేదా? సన్న్యసించి బయలుదేరినవారికి బంధం లేదన్నది సంప్రదాయ సమాధానం. ఆ సమాధానాన్ని కథే పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఇంద్రుడు రథం తెచ్చినప్పుడు ధర్మరాజు మొదట తమ్ముళ్ళ గురించి, ద్రౌపది గురించే మాట్లాడతాడు, వారు లేకుండా రానంటాడు. వారు ముందే చేరారని విన్నాక, వెంట వచ్చిన కుక్కను వదలనంటాడు. నడకంతటా ఆగనివాడు గమ్యం ముందు, పోటీ ముగిసిన చోట, ఆగుతాడు.

పరుగు పోటీ ఈ విషయంలో మహాప్రస్థానం కంటె మెరుగైన స్థితిలో ఉంది. అక్కడ దోషం చెప్పి సాగిపోవడమే దారి. ఇక్కడ ఆగి సహాయం చేసే దారి తెరిచే ఉంది. పోటీ నియమాలు ఆటకు సంబంధించినవి గనుక, సూట్స్ చెప్పిన అర్థంలో, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో ఆట ముగుస్తుంది. కూలిన మనిషి పక్కన నిలిచినవాడు ఇక పోటీదారు కాడు, బాటసారి. అతనికి మిగిలింది బాటసారి ధర్మమే. ఆ మార్పును గుర్తించలేకపోవడం చలి వల్ల కాకుండా కాంక్ష వల్ల జరిగితే దానికి ఏ మినహాయింపూ వర్తించదు.

గాన్సులో ఆ రోజు ఒక గొర్రెల కాపరి వర్షానికి మంద మేపడం మాని కొండ గుహలో తలదాచుకున్నాడు. అక్కడ నిప్పు రాజేసి, కూలిపోతున్న పరుగరులను గుహలోకి తెచ్చి, ఆరుగురి ప్రాణాలు నిలిపాడు. ఆ కొండ అతనికి బతుకుతెరువు. ఆకాశం మారగానే ఆగడం అతనికి రోజువారీ జ్ఞానం. ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నవారు ఆగలేదు, అది తక్కువగా ఉన్నవాడు ఆగాడు. ఆగినందువల్లనే రక్షించగల చోట ఉన్నాడు.

ఇక్కడే సమ్మతి వాదంలోని మరో లోపం బయటపడుతుంది. పరుగరి తన ప్రాణానికి తాను సమ్మతి ఇచ్చాడు గాని, తనను వెదకడానికి రాబోయేవారి తరఫున ఇవ్వలేడు. ఇంగ్లండు కొండల్లో గాయపడినవారిని దించే పర్వత రక్షణ దళాల వారు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. అర్ధరాత్రి పిలుపు వస్తే మంచంలోంచి లేచి అదే గాలిలోకి వెళతారు. 'నా ప్రాణం నా ఇష్టం' అన్న మాట వారు లేని లోకంలోనే పూర్తిగా సత్యం. అలాగని వారి ఉనికిని కారణంగా చూపి సాహసాన్నంతా నిషేధించడం కూడా సరికాదు. ఆ దుర్ఘటన తరువాత చైనా ప్రభుత్వం ఇటువంటి పోటీలను నిలిపివేసింది. తప్పనిసరి జాబితాలో ఒక కోటు చేర్చడంతో మొదలు కావలసిన సంస్కరణ నిలిపివేతతో మొదలైంది.

జాస్మిన్ పారిస్ పరుగులో ప్రసారమాధ్యమాలు ఎక్కువగా చెప్పుకున్న విషయం వేరొకటి ఉంది. అప్పటికి ఆమె బిడ్డకు 14 నెలలు. మజిలీల దగ్గర ఆగినప్పుడు ఆమె పాలు పిండుకునేది. దీన్ని అద్భుతంగా చూపినవారే ఎక్కువ. నైతికదృష్టితో అది అద్భుతం కంటె ఆసక్తికరం. తపస్సు, మహాప్రస్థానం రెండూ బంధాలు విడిచి వెళ్ళేవి. ఆమె పరుగు బంధాన్ని వెంట తీసుకుని వెళ్ళింది. ఇంటి దగ్గర ఒకరు తన కోసం ఉన్నారన్న సంగతిని శరీరమే నిర్ణీత వేళలకు గుర్తుచేస్తూ వచ్చింది. తిరిగి రావలసినవారి సాహసానికీ తిరిగి రానక్కరలేదనుకున్నవారి సాహసానికీ మధ్య విలువల భేదం ఉంటే, అది ఇటువంటి చోట వెదకవలసింది.

అదే సంవత్సరం అదే పోటీలో, ఆమెతో చాలాదూరం పోటాపోటీగా పరుగెత్తిన స్పెయిన్ దేశపు యూజెని రొసెల్లో సోలె 2013 విజేత. ముగింపు కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా అతని పరిస్థితి విషమించింది. 260 మైళ్ళకు పైగా వచ్చినవాడు సహాయం కోరాడు, రక్షకులు వచ్చి దించారు. ఫలితాల పట్టికలో పూర్తిచేసినవారి పేర్ల పక్కన కాలం ఉంటుంది. అతని పేరు పక్కన, మొదటి రోజే చీలమండ మెలిపడి ఇంటికి వెళ్ళినవారి పేర్ల పక్కన ఉన్న గుర్తే ఉంటుంది.